వానలు మొదలైనాయి, బేదుల కేసులకు మన స్టాఫ్ రెడీనా?

పలమనేరు_సబ్‌సెంటర్: ఒకే ఊరి నుంచి వాంతులు, బేదుల కేసులు గుంపుగా వస్తే, కలరా అని అనుమానమొస్తే, స్టాఫ్‌కి ఏమేం తెలిసుండాల? పీపీఈ (ఒంటికి రక్షణ తొడుగులు), శాంపిల్, మందులు, అన్నీ చెప్పండి.

వార్డు_సిస్టర్: ముందు క్రిములు చంపే ఒక శాతం క్లోరిన్ ద్రావణం కలిపేది నేర్పండి. బ్లీచింగ్ పౌడర్ 30 శాతందయితే లీటరుకి 33 గ్రాములు. ముద్దగా కలిపి, మిగతా నీళ్లు పోసి, తేరినాక పైతేట వంచుకోవాల. తేరకముందే పోస్తే సున్నం స్ప్రేయర్ నాజిల్‌లో గడ్డకడతాది.

స్టోర్స్_చిత్తూరు: 33 గ్రాములనేది కాగితం మీది లెక్క సిస్టర్. విప్పిన మూటలో 30 శాతం ఎక్కడుంటాది? ఎండకూ చెమ్మకూ క్లోరిన్ ఎగిరిపోతాది. రెండు చెంచాలు ఎక్కువేయండి.

ల్యాబ్_రేణిగుంట: ఏ చెంచా అనా, టీ చెంచానా, గరిటెనా? గడ్డకట్టి ఘాటు పోయిందంటే పారేయండి. లిక్విడ్ హైపో (నీళ్లలా వచ్చే క్లోరిన్ బ్లీచ్) 5 శాతందయితే ఒక వంతుకి 4 వంతుల నీళ్లు, 10 శాతందయితే 9. లేబుల్ చూడకుండా అన్నిటికీ 9 పోస్తారు, మిగిలేది అర శాతం.

స్టోర్స్_చిత్తూరు: సబ్‌సెంటర్‌కి లిక్విడ్ ఎవడిస్తాడు సామీ? ఇండెంట్ (సరుకు కావాలని పంపే కాగితం) కదిలేలోపు రోగమే పోయుంటాది.

వార్డు_సిస్టర్: కొట్టుకోకండబ్బా. బకెట్ మీద కలిపిన టైం రాయండి, 24 గంటలు దాటితే పారబోయండి. వాంతి మీద నేరుగా చిమ్మద్దు, గుడ్డ కప్పి పోయండి. యాసిడ్ కలిపితే విషగ్యాస్.

డ్యూటీ_డాక్టర్_తిరుపతి: ఇరవై ఏళ్ల సర్వీస్‌తో చెప్తాండా, బకెట్ కాదు, మనిషిని చూడండి. తీవ్రంగా నీళ్లు తగ్గిపోయినోళ్లకి ఆర్‌ఎల్ (రింగర్ లాక్టేట్ సెలైన్) ఒంటి బరువు కిలోకి 100 ఎంఎల్: 30 అరగంటలో, 70 రెండున్నర గంటల్లో. ఏడాది లోపు బిడ్డలకయితే గంటలో 30, ఐదు గంటల్లో 70. ఉత్త డెక్స్‌ట్రోజ్ (చక్కెర సెలైన్) ఎక్కిస్తే పోయిన ఉప్పు తిరిగి రాదు.

ల్యాబ్_రేణిగుంట: డాక్సీ (డాక్సీసైక్లిన్ యాంటీబయాటిక్) 300 ఎంజీ మింగించినాక స్వాబ్ (మలం నమూనా తీసిన దూదిపుల్ల) పంపితే ల్యాబ్‌లో క్రిమి ఏం పెరుగుతాది సార్? ముందు తీసి క్యారీ-బ్లెయిర్‌లో (నమూనాలో క్రిమి చావకుండా ల్యాబ్‌కి పంపే మీడియం) పెట్టండి. ఫ్రిజ్ వద్దు.

డ్యూటీ_డాక్టర్_తిరుపతి: షాక్‌లో ఉన్నోడికి నీ స్వాబ్ కోసం డ్రిప్ ఆపాల్నా?

ల్యాబ్_రేణిగుంట: ఆపమన్నదెవరు? రెక్టల్ స్వాబ్‌కి అర నిమిషం చాలు.

అలిపిరి_హెల్త్‌ఇన్‌స్పెక్టర్: కొండకొచ్చే యాత్రికుల రిజిస్టర్‌లో సొంతూరు ఒక్కటే రాస్తారు. గత 5 రోజులు ఎక్కడ బస, ఏ నీళ్లు తాగినారు, అది రాయండి. కలరా పొదిగే కాలం అంతే. కొళాయి దగ్గర క్లోరిన్ చూడండి, ట్యాంకు దగ్గర కాదు.

పలమనేరు_సబ్‌సెంటర్: పీపీఈ సంగతి?

వార్డు_సిస్టర్: గ్లవ్స్, ప్లాస్టిక్ ఏప్రాన్, తీసినాక సబ్బుతో చేతులు. బేదులకి ఎన్95 ఎందుకమ్మా.

స్టోర్స్_చిత్తూరు: 33 గ్రాములు తూచే కాటా ఎవరికాడ ఉండాదో అది చెప్పండి ముందు.