గింజల సూప్‌లో ఉప్పు ముందే వెయ్యాలా, చివర్లోనా?

వానచినుకు:
ఎండు గింజలతో కడుపు నిండే సూప్ మా ఇంట్లో తరచూ చేస్తాం. రాజ్మా, శనగలు, బొబ్బర్లు, డబ్బాలో ఏవుంటే అవి. ఒక్క విషయమే ఎటూ తేలడం లేదు. ఉప్పు ముందే పడితే పొట్టు బిరుసెక్కి గింజ ఉడకదని, అందుకే దించే ముందు వెయ్యాలని అమ్మ అంటుంది. ఈమధ్య చూస్తున్న వంటల వీడియోల్లోనేమో నానబెట్టే నీళ్లలోనే ఉప్పు కలపమంటున్నారు. రెండూ నిజం కాలేవు కదా? రెండు రకాలుగా చేసి చూసినవాళ్లు, కారణం తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

సన్నమంట:
నా ఓటు అమ్మగారికే. సూప్ అంటే గంటకు పైగా మూత వారగా పెట్టి మరిగించేది. నీళ్లు ఇగురుతూ పోతాయి, ఉప్పు మాత్రం ఎక్కడికీ పోదు. మొదట్లో సరిగ్గా ఉన్నది చివరికి నోట్లో పెట్టుకోలేనంత అవుతుంది. చివర్లో వేస్తే రుచి మన చేతిలో ఉంటుంది.

నీలిగింజ:
సన్నమంట గారూ, ఇగిరిపోవడం గురించి మీరన్నది నిజమే. కానీ అది ఎంత ఉప్పు వెయ్యాలన్న సంగతి. వానచినుకు గారు అడిగింది ఉప్పు వల్ల గింజ ఉడకదా అని. దానికి నా జవాబు: ఉడుకుతుంది, ఇంకా బాగా ఉడుకుతుంది.

కారణం పొట్టులో ఉంది. పొట్టులోని కణాలను పట్టి ఉంచేది పెక్టిన్. ఆ పెక్టిన్‌ను బిగించేవి కాల్షియం, మెగ్నీషియం. ఉప్పునీళ్లలో నానితే ఉప్పులోని సోడియం వాటిలో కొంత భాగాన్ని తప్పించి ఆ చోట్లో చేరుతుంది. సోడియానికి అంత పట్టు లేదు కాబట్టి పొట్టు మెత్తబడి, ఉడికేటప్పుడు లోపలి పప్పుతో పాటు సాగుతుంది, పగలదు.

నమ్మకపోతే ఒకే ప్యాకెట్‌లోని గింజలను రెండు గిన్నెల్లో నానబెట్టండి. ఒకదానిలో ఉత్త నీళ్లు, రెండోదానిలో లీటరుకు 15 గ్రాముల ఉప్పు, అంటే టీస్పూనుతో సుమారు రెండున్నర. రాత్రంతా నానాక రెండూ కడిగి విడివిడిగా ఉడికించి, ఒక్కో గింజను వేళ్ల మధ్య నొక్కి చూడండి. ఉత్త నీళ్లవాటిలో చాలా గింజలకు పొట్టు చీలి, విడిపోయి సూప్ మీద తేలుతూ ఉంటుంది. ఉప్పునీళ్లవి నిండుగా ఉంటాయి, నొక్కితే పొట్టూ పప్పూ కలిసే మెదుగుతాయి. నాననీళ్లు పారబోసి కడుగుతాం కాబట్టి సూప్ ఉప్పగా అయిపోదు.

పాతగరిటె:
ఉప్పును అనవసరంగా ఆడిపోసుకుంటున్నాం. గింజ ఉడక్కపోవడానికి అసలు కారణాలు వేరే ఉన్నాయి, అవి మూడు.

మొదటిది పులుపు. సూప్ కదా అని టమాటా, నిమ్మరసం, వెనిగర్ ఏదో ఒకటి మొదట్లోనే పడేస్తారు. పులుపులో పెక్టిన్ అంత త్వరగా కరగదు, గింజ గంటలు గడిచినా గట్టిగానే ఉంటుంది. గింజ పూర్తిగా మెత్తబడ్డాకే టమాటా వెయ్యాలి. ఇది మాత్రం తప్పకూడదు. ఉప్పు, టమాటా ఒకేసారి వేసి, ఉడకలేదని నింద ఉప్పు మీద వేసేవాళ్లను చాలామందిని చూశాను.

రెండోది నీళ్లు. బోరు నీళ్లలో కాల్షియం ఎక్కువుంటే పైన నీలిగింజ గారు చెప్పినదానికి సరిగ్గా ఉల్టా జరుగుతుంది, పొట్టు ఇంకా బిగుస్తుంది. అలాంటి చోట ఆర్ఓ ఫిల్టర్ నీళ్లు వాడి చూడండి. కొందరు చిటికెడు వంటసోడా వేస్తారు. పని చేస్తుంది, కానీ చెయ్యి కాస్త జారితే సూప్‌కు సబ్బు వాసన వస్తుంది, బి1 విటమిన్ కూడా దెబ్బతింటుంది.

మూడోది వయసు. వేడిగా, చెమ్మగా ఉండే చోట నెలల తరబడి పడున్న గింజ ఎంత నానినా, ఎంత ఉడికినా రాయే. అలాంటివాటిని ఏ ఉప్పూ, ఏ కుక్కరూ పూర్తిగా బాగుచెయ్యలేవు.

వేగుచుక్క:
ఇంత చర్చ దేనికండీ? ప్రెషర్ కుక్కర్లో పెట్టేస్తే సరి. లోపల 120 డిగ్రీల దాకా వెళ్తుంది, ఉప్పు వేసినా వెయ్యకపోయినా మెత్తబడాల్సిందే. పొద్దున వంట చేసుకుని ఆఫీసుకు పరిగెత్తేవాళ్లకు గంటన్నర పొయ్యి దగ్గర నిలబడే తీరిక ఎక్కడిది?

సన్నమంట:
కుక్కర్లో మెత్తబడతాయి సరే, రాజ్మా సగం పేలిపోయి ముద్దవుతుంది. సూప్‌లో గింజ గింజగా తగలాలి, పులుసు చిక్కగా ఉండాలి. రెండూ కావాలంటే తెరిచిన గిన్నే నయం. ఉడికినట్టు తెలుసుకోవడానికి నేను చేసేది ఇది: గరిటెతో రెండు మూడు గింజలు తీసి మెల్లగా ఊదుతాను. పొట్టు ముడతపడి పైకి లేస్తే దగ్గరకొచ్చినట్టే. అయినా కొరికి చూడందే మంట ఆపను. తర్వాత రెండు గరిటెల గింజలు తీసి మెదిపి మళ్లీ గిన్నెలో కలిపేస్తాను. పిండీ మీగడా ఏమీ అక్కర్లేకుండా చిక్కబడుతుంది.

నీలిగింజ గారూ, నానబెట్టేటప్పుడు ఉప్పు వెయ్యడం వరకు ఒప్పుకుంటాను, కడిగేస్తాం కాబట్టి. ఉడికేటప్పుడు వెయ్యడానికి మాత్రం ఒప్పుకోను.

ఆకుచాటు:
నాననీళ్లు పారబోయడం గురించి ఎవరూ అడ్డు చెప్పడం లేదే! ఫోలేట్ లాంటి నీళ్లలో కరిగే విటమిన్లు కొన్ని వాటితో పోతాయి. రంగూ పోతుంది. నల్ల రాజ్మా నాననీళ్లతోనే వండిన సూప్ రంగు చూసినవాళ్లు వాటిని పారబొయ్యరు. నేను ఆ నీళ్లతోనే వండుతాను.

నీలిగింజ:
ఆకుచాటు గారూ, పోయేది నిజమే గానీ వాటితో పాటు కడుపు ఉబ్బరానికి కారణమయ్యే రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలు కూడా కొంత పోతాయి. వాటిని అరిగించే ఎంజైమ్ మన పేగుల్లో లేదు, పెద్దపేగులోని బ్యాక్టీరియా వాటిని తిని గ్యాస్ చేస్తుంది. శనగలో బొబ్బర్లో అయితే మీ ఇష్టం, మీ కడుపు ఇష్టం.

ఎర్ర రాజ్మా విషయంలో మాత్రం దయచేసి అలా చెయ్యకండి, ఇది రుచి గొడవ కాదు. పచ్చి రాజ్మాలో ఫైటోహీమాగ్లుటినిన్ అనే లెక్టిన్ ఉంటుంది, అంటే విషంలా పనిచేసే ఒక ప్రోటీన్. సరిగా ఉడకని గింజలు నాలుగైదు తిన్నా మూడు గంటల్లోపే వాంతులు మొదలవ్వొచ్చు. అమెరికా ఆహార, ఔషధ సంస్థ సలహా ఏమిటంటే కనీసం 5 గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో 30 నిమిషాలు తెర్లనివ్వాలి. స్లో కుక్కర్ వాడేవాళ్లు ఇది మరీ గుర్తుంచుకోవాలి. అందులో వేడి 80 డిగ్రీల దగ్గరే ఆగిపోతే విషం విరగదు, పచ్చి గింజల్లో కంటే పెరగొచ్చు కూడా. ముందు పొయ్యి మీద మరిగించాకే అందులో వెయ్యండి. డబ్బాల్లో వచ్చే ఉడికిన రాజ్మాకు ఈ భయం లేదు.

ఆకుచాటు:
ఎర్ర రాజ్మాకు ఇకమీదట పారబోస్తాను. నల్లవాటి సంగతి ఏమిటి?

నీలిగింజ:
అవీ అదే జాతి. ఎర్రవాటిలో మోతాదు ఎక్కువ, మిగతావాటిలో తక్కువ, అంతే తేడా. వాటికీ నీళ్లు మార్చి బాగా మరిగించండి. రంగు కావాలంటే ఉడికిన నీళ్లలో కావలసినంత ఉంటుంది.

పాతగరిటె:
సన్నమంట గారి అభ్యంతరానికి నా పద్ధతి: కావలసిన ఉప్పులో సగం గింజలతో పాటే వేస్తాను, మిగతాది దించే ముందు రుచి చూసి. మొత్తం చివర్లోనే వేస్తే పులుసు ఉప్పగా, గింజ లోపల చప్పగా ఉంటుంది. కొరికినప్పుడు ఆ తేడా తెలిసిపోతుంది.

వేగుచుక్క:
మరి మసూర్ పప్పుకు?

పాతగరిటె:
దానికి పొట్టే లేదు కదా, ఈ గొడవే లేదు. నానబెట్టక్కర్లేదు, ఇరవై నిమిషాల్లో కరిగిపోతుంది. ఉప్పు ఎప్పుడైనా వేసుకోండి. టమాటా మాత్రం దీనికీ చివరే.

సన్నమంట:
సగం సగం పద్ధతి ఈసారి శనగలతో చేసి చూస్తాను. ఇగిరాక ఉప్పెక్కువైతే మాత్రం ఇక్కడికే వచ్చి పాతగరిటె గారిని నిలదీస్తాను.

వానచినుకు:
అందరికీ ధన్యవాదాలు. రెండు గిన్నెల్లో బొబ్బర్లు నానుతున్నాయి, ఒకదానిలో ఉప్పు వేశాను, ఏది ఏదో అమ్మకు చెప్పలేదు. రేపు ఉడికాక ఆవిడ ఏ గిన్నె బాగుందంటారో రాస్తాను.