అప్‌డేట్: అమ్మ ఇన్‌హేలర్, స్టెరాయిడ్ మాత్రల సంగతి

పోయిన నెల నేనడిగింది ఇదీ: అమ్మకు ఆస్తమా, రోజూ బుడెసొనైడ్ ఇన్‌హేలర్, ఆయాసం ముదిరితే ప్రెడ్నిసొలోన్ మాత్రలు, రెండూ స్టెరాయిడ్లే, వీటితో ఇమ్యూనిటీ పడిపోతుందా అని. నిన్న ఊపిరితిత్తుల డాక్టరు గారిని కలిసొచ్చాం.

ఇన్‌హేలర్ మందు మైక్రోగ్రాముల్లో నేరుగా శ్వాసనాళాల్లోకి పోతుంది, అమ్మ డోసుకి రక్తంలో కలిసేది చాలా తక్కువ, కాబట్టి ఒళ్లంతా రోగనిరోధక శక్తి తగ్గుతుందన్న భయం అక్కర్లేదన్నారు. కానీ నోట్లో మిగిలిన మందు అక్కడి రక్షణను తగ్గిస్తుంది, అమ్మ నాలుక మీద తెల్లపూత దాని వల్ల వచ్చిన ఫంగసే! మేమేమో వేడి చేసిందనుకుని మజ్జిగ తాగిస్తున్నాం. పీల్చిన ప్రతిసారీ పుక్కిలించి ఉమ్మేయాలని ముందే ఎవరైనా చెప్పుంటే బాగుండేది.

మాత్రలది వేరే కథ. రోజుకు 20 మిల్లీగ్రాములు లేదా అంతకుమించి, రెండు వారాలు దాటి వాడితే ఇమ్యూనిటీ నిజంగానే అణిగినట్టు లెక్క. లైవ్ వ్యాక్సిన్లు (బలహీనపరిచిన బతికున్న క్రిములతో చేసే టీకాలు) వేయరు, లోపల నిద్రపోతున్న టీబీ లేచే ప్రమాదమూ ఉంది. అమ్మ వాడింది ఐదు రోజులే. అప్పుడు రిపోర్టులో తెల్లకణాలు పెరిగాయని, ఇన్ఫెక్షనేమో అని నేను పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు, తీరా చూస్తే రక్తనాళాల గోడలకు అంటుకున్న న్యూట్రోఫిల్స్‌ని (ఒక రకం తెల్లకణాలు) ఆ మాత్రలే ఊడదీసి రక్తంలోకి వదులుతాయట.



ఎక్కువ రోజులు వాడిన మాత్రలు ఒక్కసారిగా ఆపకూడదట. "అన్నీ ఆపేయండి" అన్న మా బాబాయ్‌కి ఇది చూపించాలి.