సమస్య (ఇచ్చిన ఈ చివరి పాదానికి ముందు మూడు పాదాలు కట్టి పద్యం పూరించాలి; 'పానగల్లు పద్యం', 'కోయిలకొండ' లాంటివి పాల్గొన్నవాళ్ళ మారుపేర్లు): శవము సగము నీది సగము నాది

నిర్వాహకుడు: ఒక పోలీసుకు ఇంకో పోలీసు శత్రువు, హత్య మాత్రం ఇద్దరి నెత్తినా పడింది. ఇలాంటి క్రైమ్ కథల్లో హంతకుడు ఎవరన్నది కాదు, ఫైలు ముందు ఎవరు దాస్తారన్నదే టెన్షన్. కానివ్వండి.

పానగల్లు పద్యం:

మొన్న రేయి కూలె మునగాల గట్టుపై
తల నిజాము వైపు, దాటె కాళ్ళు;
అనె నమీను నవ్వి యావలి వానితో
శవము సగము నీది సగము నాది.

మిర్యాలగూడ సారు: 'కూలె'కు కర్త ఏడీ? శవం నాలుగో పాదం దాకా రాలేదు. మునగాలలో నిజాం అమీనుకు (పోలీసు అధికారికి) ఏం పని?

పానగల్లు పద్యం: సారూ, మునగాల పరగణా కృష్ణా జిల్లా కింద, మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. చుట్టూ నిజాం రాజ్యం. గట్టు దాటితే అమీను అధికారం అయిపోయేది. అందుకే గట్టు మీద పడేశాను.

కోయిలకొండ: నాకు 'నవ్వి' దగ్గరే కథ దొరికింది. తల తన వైపే ఉంది, కేసు మొత్తం నాదే అనొచ్చు గదా అమీను? అడగకముందే సగం వదులుకున్నాడంటే ఏదో దాస్తున్నాడు.

దేవరకొండ కుర్రాడు:

నగర మొకటె కాని నాయకు లిద్దరు
బెర్లినందు నాడు బీట్లు రెండు
తూర్పువాడు పిలిచి దోస్తని పలికె
శవము సగము నీది సగము నాది.

మిర్యాలగూడ సారు: మూడో పాదం చివర ఒక్క లఘువు (పొట్టి అక్షరం) ఎగిరిపోయింది. 'పలికెను' అంటే పోయేదానికి ఇంత తొందరేం బాబూ? పైగా బెర్లిన్ గోడ ఊసే లేదు.

దేవరకొండ కుర్రాడు: 'పలికెను' చేశాను సార్. గోడ కట్టింది 1961లో. బెర్లిన్ పోలీసు శాఖ 1948లోనే తూర్పు, పడమరలుగా చీలింది. నా కథ ఆ మధ్యలోది.

పాలమూరు పిల్ల:

నీవు కేసు రాయ నేనును రాసితి,
హద్దు రాయి మనకు నడ్డమేమి?
ఒకటె చెరువు, బడియు నొకటియే, మనది శై
శవము సగము నీది సగము నాది.

కోయిలకొండ: అబ్బ! శవాన్ని లేపి బడికి పంపావు గదమ్మా.

మిర్యాలగూడ సారు: 'శవము' ముందు 'శై' పెట్టి 'శైశవము' (బాల్యం) చేసినట్టు, ముందు అక్షరం తగిలించడం అవధానాల్లో అరిగిపోయిన చిట్కా. హత్య ఎక్కడ? హంతకుడు ఎక్కడ?

పాలమూరు పిల్ల: కేసులు రెండు రాయించాను గదా సార్. ఒకే బడిలో చదివినోళ్ళు ఒకరి మీద ఒకరు రిపోర్టు రాసుకుంటుంటే ఇంకా శవం కావాలా?

పానగల్లు పద్యం: చిట్కాల సంగతి సారే చెప్పాలి. ఉగాది సమస్యలో 'న'కు 'మ' యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో జోడీ కుదరాల్సిన అక్షరం) వేసి, ప్రయోగం అని దబాయించింది ఎవరబ్బా?

మిర్యాలగూడ సారు: అది టైపింగులో తప్పు. అప్పుడే చెప్పిన.

కోయిలకొండ: అప్పుడు ప్రయోగమన్నారు సార్. నా దగ్గర స్క్రీన్‌షాట్ ఉంది.

నిర్వాహకుడు: ఉగాది పంచాయితీ ఉగాది దగ్గరే. కల్వకుర్తి నుంచి ఇద్దరు పూరణ పెడతామని కూర్చున్నారు, జరగండి.