టెక్సాస్‌లో ఇల్లు వేలానికి వచ్చింది, ఆర్మీ కుటుంబాలవాళ్లు దారి చెప్పగలరా?

మావారు అమెరికా ఆర్మీలో ఉన్నారు. బదిలీ ఆర్డర్స్ రావడంతో టెక్సాస్ నుంచి వాషింగ్టన్ రాష్ట్రానికి మారాం. టెక్సాస్‌లోని ఇల్లు వీఏ లోన్ (మాజీ సైనికుల వ్యవహారాల శాఖ, అంటే వీఏ, హామీతో సైనికులకు వచ్చే ఇంటి లోన్) మీద కొన్నది. అద్దెకున్నవాళ్లు ఖాళీ చేశాక కొత్తవాళ్లు దొరకలేదు. ఇక్కడ అద్దె, అక్కడ వాయిదా రెండూ మోయలేక బాకీ పడ్డాం. వేలం నోటీసు పాత చిరునామాకు వెళ్లి, పోస్టాఫీసు వాళ్లు కొత్త చిరునామాకు మళ్లిస్తూ అంటించే పసుపు స్టిక్కరుతో ఆలస్యంగా మా చేతికొచ్చింది. టెక్సాస్‌లో కోర్టుతో పని లేకుండానే, 21 రోజుల నోటీసుతో, నెలలో మొదటి మంగళవారం వేలం వేసేస్తారు. అదే టెన్షన్.

సర్వీసులో ఉన్న సైనికులకు రక్షణలిచ్చే ఎస్‌సీఆర్‌ఏ చట్టం కాపాడుతుందని అందరూ అంటున్నారు. కానీ ఫోర్‌క్లోజర్ (బాకీ కింద ఇల్లు వేలం వేయడం) ఆపే రక్షణ సర్వీసులో చేరకముందు తీసుకున్న లోన్లకే. మాది చేరాక తీసుకున్నది. ఇంకో దారి, బాకీ విషయంలో సాయం కోరుతూ లోన్ కంపెనీకి వేలానికి 37 రోజుల కంటే ముందే పూర్తి దరఖాస్తు ఇస్తే వాళ్లు వేలం ఆపాలి, మాకు అంత గడువు లేదు. బేస్‌లో లీగల్ అసిస్టెన్స్ వాళ్లను కలుస్తున్నాం, వీఏ వాళ్లకూ ఫోన్ చేశాం.

ఇలాంటి స్థితిలో వేలం వాయిదా వేయించుకున్నవాళ్లెవరైనా ఉన్నారా? షార్ట్ సేల్‌కు (బాకీ కంటే తక్కువ ధరకే, లోన్ కంపెనీ ఒప్పుకోలుతో ఇల్లు అమ్మడానికి) వెళ్తే మళ్లీ వీఏ లోన్ వస్తుందా? మావారి సెక్యూరిటీ క్లియరెన్స్‌కు (రహస్య సమాచారం చూసేందుకు ఇచ్చే అనుమతికి) ఇబ్బందా? "సైన్యంలో ఉన్నారుగా, ఏం కాదులే" అని మాత్రం అనకండి, చాలా విన్నాం.