అప్‌డేట్: ఐబీఎస్‌కి హిప్నోథెరపీ ఎలా చేస్తారు

ఐబీఎస్ అంటే పేగుల్లో వేరే జబ్బేమీ కనిపించకపోయినా కడుపునొప్పి, విరేచనాలు లేదా మలబద్ధకం పదేపదే వచ్చే సమస్య. మందులకు తగ్గని ఆ కడుపునొప్పికి హిప్నోథెరపీ (హిప్నాసిస్‌తో చేసే వైద్యం) ఎలా చేస్తారు, స్పృహ పోతుందా అని ఇంతకుముందు అడిగాను. తెలుసుకున్నది రాస్తున్నాను.

స్పృహ పోదు. మాటలన్నీ వినిపిస్తాయి, వద్దనుకుంటే కళ్ళు తెరిచి లేచిపోవచ్చు. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో డాక్టర్ పీటర్ వోర్వెల్ బృందం 1984లో 30 మంది రోగులపై పరీక్షించి చూపించిన వైద్యం ఇది. తర్వాత అమెరికాలో వచ్చిన నార్త్ కరోలినా పద్ధతిలో రెండు వారాలకొకటి చొప్పున 7 సెషన్లు. థెరపిస్టు చదవాల్సిన ప్రతి మాటా ముందే రాసి ఉంటుంది.

ముందు పేగుకీ మెదడుకీ ఉన్న సంబంధం వివరిస్తారు. తర్వాత కళ్ళు మూయించి, ఊపిరి నెమ్మదింపజేసి, ఒళ్ళంతా వదులు చేయిస్తారు. అసలు పని అప్పుడే మొదలవుతుంది. మాంచెస్టర్ పద్ధతిలో అరచేతిని పొట్టమీద పెట్టించి, ఆ వెచ్చదనం లోపలికి దిగుతున్నట్టు ఊహించమంటారు. విరేచనాలుంటే ఉరికే ఏరు నెమ్మదించినట్టు, మలబద్ధకమైతే నిలిచిన నీరు కదిలినట్టు ఊహించాలి. అందుకే అందరికీ ఒకే ఆడియో ఇచ్చేవాళ్ళు నాకు నచ్చలేదు.

ఇంట్లో రోజూ సాధన చేయాల్సిందే. మలంలో రక్తం పడినా, ఊరికే బరువు తగ్గినా ముందు గ్యాస్ట్రోఎంటరాలజిస్టుకు (జీర్ణకోశ వైద్యుడికి) చూపించుకోండి. సైకోసిస్ (భ్రమకీ నిజానికీ తేడా తెలియని మానసిక జబ్బు) ఉన్నవాళ్ళకు ఇది తగదు. హిప్నాసిస్‌తో గతజన్మ చూపిస్తామనేవాళ్ళ జోలికి అసలు పోవద్దు: ఆ స్థితిలో సూచనల వల్ల లేని జ్ఞాపకాలు పుట్టుకురావచ్చు, అవి నిజమేనని గట్టిగా అనిపించవచ్చు కూడా.