యాంకర్ మీద పుకార్ల వీడియోలు: పరువు, పని కాపాడుకునేదెట్ల?

క్లాక్‌టవర్_నల్లగొండ:
లోకల్ కేబుల్‌ల వార్తలు చదువుతూ, షాపు ఓపెనింగులకు, రిసెప్షన్లకు యాంకరింగ్ చేసే ఒక అమ్మాయి గురించి అడుగుతున్న. ఒక నాయకునితోని సంబంధం అంటగట్టి రెండు యూట్యూబ్ ఛానళ్లు రోజూ వీడియోలు పెడుతున్నయ్. ఒకదాంట్ల మార్ఫింగ్ ఫొటో ఉంది. ఒక వారపత్రిక కూడా అదే అచ్చేసింది. కేబుల్ వాళ్లు కొన్నాళ్లు రావద్దన్నరు, ఈవెంట్లు పోతున్నయ్. పరువు నష్టం కేసు మేం తీసుకోం అని పోలీసులు అంటున్నరట. లైవ్ పెట్టి వివరణ ఇయ్యమని దోస్తుల మాట. ముందు ఏం జెయ్యాలె?

మిర్యాలగూడ_కోర్టు:
అన్నా, లైవ్ మాత్రం వద్దు. ఆ లైవ్‌ల నుంచి ఒక్కో ముక్క కోసి వాళ్లు కొత్త వీడియోలు చేసుకుంటరు, రేపు కోర్టుల అవతలి లాయర్ కూడా అదే పట్టుకుంటడు.

తీసేయమని అడిగేముందే అన్నీ భద్రం చెయ్యాలె. చాలా కేసులు ఇక్కడనే చెడిపోతయ్: రిపోర్ట్ కొట్టంగనే వీడియో మాయమైతది, చేతిల ఒక వాట్సాప్ ఫార్వర్డ్ తప్ప ఏం మిగలదు. ఛానల్ పేరు, పూర్తి లింకు, పెట్టిన తేదీ, వ్యూస్, కామెంట్లు అన్నీ కనబడేటట్టు స్క్రీన్ రికార్డింగ్ చేయించుండ్రి. వీడియో ఫైలు కూడా దించి పెన్‌డ్రైవ్‌ల పెట్టుండ్రి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలె. అందుల రెండు భాగాలుంటయ్. మొదటిది ఫైలు ఇచ్చేవాళ్లు, రెండోది నిపుణుడు సంతకం చెయ్యాలె. ఫైలు మారలేదని చూపే కోడ్, అంటే హాష్ విలువ కూడా అందుల రాయాలె.

పోలీసులు చెప్పింది సగమే నిజం. పరువు నష్టం (భారతీయ న్యాయ సంహిత, అంటే బీఎన్ఎస్, సెక్షన్ 356) వాళ్లు నేరుగా కేసు కట్టే నేరం కాదు, మేజిస్ట్రేట్ ముందు ప్రైవేటు కంప్లైంట్ వెయ్యాలె. మార్ఫింగ్ ఫొటో సంగతి వేరు. స్త్రీ గౌరవానికి భంగం కింద బీఎన్ఎస్ 79, బొమ్మ అశ్లీలంగా ఉంటే ఐటీ చట్టం 67 కూడా పడతయ్, ఎఫ్ఐఆర్ కట్టాల్సిందే. రెండూ ఒకే అర్జీల కలిపితే మొత్తం పరువు నష్టమే అని వాపస్ ఇస్తరు. ఫొటో మీద విడిగా రాయుండ్రి. స్టేషన్ల తీసుకోకుంటే ఎస్పీకి పోస్టుల పంపాలె, అప్పటికీ కదలకుంటే మేజిస్ట్రేట్ దగ్గరికి పోవాలె. సైబర్ క్రైమ్ పోర్టల్‌ల కూడా పెట్టొచ్చు.

నష్టపరిహారం అడిగే సివిల్ దావాకు గడువు అచ్చేసిన రోజు, వీడియో పెట్టిన రోజు నుంచి ఒక్క ఏడాదే. క్రిమినల్ కంప్లైంట్‌కు మూడేండ్లు ఉంటదని ధీమాగ కూసుంటే దావా హక్కు పోతది. కోట్లు అడగొద్దు, అడిగిన మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు ఉంటది. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండ ఉచిత న్యాయసాయం ఉంది, జిల్లా న్యాయసేవాధికార సంస్థల అడుగుండ్రి, నంబర్ 15100. ఆ కథనంల నిజం ఎంత ఉన్నా లాయర్‌కు దాచొద్దు. సివిల్ దావాల నిజమని రుజువైతే అవతలోళ్లు బయటపడతరు.

పాలమూరు_డెస్క్:
పై సార్ చెప్పిన దానికి మీడియా దిక్కు నుంచి కొంత కలుపుత. యూట్యూబ్‌ల ఆమె మొఖం గుర్తుపట్టేటట్టు ఉంటే ప్రైవసీ ఫిర్యాదు ఆమెనే పెట్టాలె. మామూలుగ అప్‌లోడ్ చేసినోళ్లకు 48 గంటలు టైమిస్తరు. వంద మంది దోస్తులు రిపోర్ట్ కొట్టినా లాభం లేదు, ఆ లింకు ఇంకో వంద గ్రూపులల్ల తిరుగుతది. యూట్యూబ్‌ల ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ అధికారి జవాబు నచ్చకుంటే 30 రోజులల్ల కేంద్రం పెట్టిన గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి అప్పీల్ పోవచ్చు.

వారపత్రికకైతే ముందు ఎడిటర్‌కు రిజిస్టర్డ్ పోస్టుల ఖండన పంపుండ్రి. సరిచెయ్యకుంటే అచ్చయిన రెండు నెలల లోపల పత్రికల మీద ఫిర్యాదులు చూసే ప్రెస్ కౌన్సిల్‌కు రాయాలె. జరిమానా వేసే అధికారం వాళ్లకు లేదు, కాని పత్రికది తప్పని అభిశంసన చేస్తే ఆ కాగితం రేపు పని ఇచ్చేటోళ్లకు చూపించొచ్చు. యూట్యూబ్ ఛానళ్లు వాళ్ల పరిధిల లేవు.

ఇగ అసలు దెబ్బ పని మీద. ఈవెంట్ వాళ్లు ఫోన్లనే వద్దంటరు, కారణం రాసియ్యరు. అందుకే ఫోన్ పెట్టంగనే వాట్సాప్‌ల మర్యాదగ అడగాలె: "ఆ వీడియో చూసి ప్రోగ్రాం వద్దన్నరు గద సార్, అడ్వాన్స్ సంగతి ఎట్ల?" వచ్చే జవాబే నష్టానికి రుజువు. దానికి పోయిన ఏడాది బ్యాంకు స్టేట్‌మెంట్, టీడీఎస్ (ఇచ్చే ముందే కోసిన పన్ను) సర్టిఫికెట్ జోడిస్తే ఎంత ఆదాయం పోయిందో జడ్జికి అర్థమైతది. కేబుల్ వాళ్లను రాతపూర్వకంగ అడగాలె, ఆపింది ఎన్ని రోజులు, ఏ షరతు కింద అని. కోపంల రాజీనామా ఇస్తే బకాయిలు అడిగే బలం పోతది.

ప్రకటన ఒక్కటి చాలు, అది కూడా రాతల: ఆరోపణ అబద్ధం, చట్టపరంగ పోతున్న, ఇంక మాట్లాడ. ఆ నాయకుని పేరు ఎత్తొద్దు.

క్లాక్‌టవర్_నల్లగొండ:
ఒక ఛానల్ వాళ్లు క్షమాపణ చెప్తం, కేసులొద్దు అంటున్నరు. ఒప్పుకోవాల్నా?

మిర్యాలగూడ_కోర్టు:
ఒప్పుకోవచ్చు, పరువు నష్టం రాజీ పడదగ్గ నేరమే. కాని నోటిమాట మీద వద్దు. క్షమాపణ వీడియో అదే ఛానల్‌ల, ఆమె పేరుతోని రావాలె. పాతవి, షార్ట్స్, ఫేస్‌బుక్ కాపీలతో సహా తీసేయాలె. మళ్ల పెట్టం అని స్టాంపు పేపర్ మీద హామీ ఇయ్యాలె. ఇవన్నీ అయినంకనే ఆమె సంతకం. రాజీ కాగితంల ఆ ఛానల్ పేరు ఒక్కటే ఉండాలె. 'సంబంధిత అందరి మీద' అని రాస్తే రెండో ఛానల్, పత్రిక కూడా అదే కాగితం చూపి తప్పించుకుంటయ్.