తెలిసిన పూతను కంటి లోపలి కటకానికి వేస్తే పేటెంట్ ఇవ్వవచ్చా?

రసాయన విద్యార్థి:
శుక్లం తీశాక కంటిలో అమర్చే కటకాల పైపూతల మీద పేటెంట్ తగాదాలు చదువుతున్నాను. ఊహకు ఒక దరఖాస్తు తీసుకుందాం. ప్రోటీన్లు అంటుకోకుండా కాంటాక్ట్ లెన్సులకు వాడే ఫాస్ఫొరిల్‌కోలిన్ పూతనే, మడతపడే అక్రిలిక్ కటకానికి రసాయన బంధంతో అతికించారు. పూత పాతదే, కటకమూ పాతదే. ఈ రంగంలో మామూలు నైపుణ్యం ఉన్నవారికి ఇట్టే తట్టే విషయమైతే పేటెంట్ రాదు. మరి ఇది అలాంటిదేనా, కాదా? అమెరికా చట్టం ప్రకారం చెప్పండి.

పాత పత్రాలు:
తట్టే విషయమే. కేఎస్ఆర్ వర్సెస్ టెలిఫ్లెక్స్ కేసులో సుప్రీంకోర్టు 2007లోనే తేల్చింది: ఊహించదగ్గ మార్గాలు కొన్నే ఉన్నప్పుడు వాటిని ప్రయత్నించి చూడటం నిపుణుడు చేసే మామూలు పనే. పైగా కటకానికి పూత వేయాలన్న ఆలోచన కూడా కొత్తది కాదు. వాపు కణాలు అంటుకోకుండా హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా చూసే మందు) పూసిన పీఎంఎంఏ (మడతపడని గట్టి ప్లాస్టిక్) కటకాలు 1990ల నాటికే వాడుకలో ఉన్నాయి. హెపారిన్ బదులు ఇంకొకటి పూసినంత మాత్రాన, దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్ల పాటు మిగతా తయారీదారులను ఆపేయడం అన్యాయం.

కటకాల ఇంజినీరు:
పాత పత్రాలు గారూ, మీరు చెప్పిన కేసు కారు యాక్సిలరేటర్ పెడల్‌కు సెన్సర్ బిగించడం గురించి. అక్కడ ఏది ఎలా పనిచేస్తుందో ముందే తెలుస్తుంది. కంటి లోపల అలా కాదు.

కటకం వెనుక తలాన్నే చూడండి. శుక్లం తీశాక కంటిలో మిగిలే సంచి వెనుక పొరకు అక్రిలిక్ కటకం గట్టిగా అతుక్కోవడం మనకు మేలు. అంచు పదునుగా ఉండి, కటకం పొరను అంటిపెట్టుకుంటే మిగిలిపోయిన కణాలు వెనక్కి పాకలేవు, చూపు మళ్లీ మసకబారే అవకాశం తగ్గుతుంది. దేన్నీ అంటనివ్వని పూత వేస్తే ఆ పట్టే పోవచ్చు. అంటే ముందు తలానికి మేలు చేసే గుణమే వెనుక తలానికి కీడు చేయవచ్చు. ఇది తెలిసిన నిపుణుడు పూత వేయడానికి ఉబలాటపడడు, వెనుకాడతాడు. ఇక ఆ కటకాన్ని మడిచి, సన్నని గొట్టంలోంచి రెండు మూడు మిల్లీమీటర్ల కోత ద్వారా లోపలికి నెట్టాలి. ఆ ఒరిపిడికి పూత పగిలితే మొదటికే మోసం. కాంటాక్ట్ లెన్సుకు ఈ బాధ లేదు, పైగా దాన్ని రోజూ తీసి కడుగుతారు. ఫలితం వస్తుందన్న సహేతుకమైన నమ్మకం లేనిచోట ‘ప్రయత్నించవచ్చు’ అన్న ఒక్క మాటతో దరఖాస్తును కొట్టేయలేం.

పాత పత్రాలు:
అలాగైతే ముందు తలానికి మాత్రమే పూత వేయడం మరీ సులభంగా తట్టాలి కదా! మీరు చెప్పిన చిక్కే ఆ దారి చూపిస్తోంది. పైగా దరఖాస్తులో అడిగింది ‘పూత వేసిన ఏ కటకమైనా’ అని ఉంటే, ఒక్క అక్రిలిక్ మీద చేసిన పరీక్ష సిలికోన్ కటకాలకు కూడా ఎలా చాలుతుంది?

కటకాల ఇంజినీరు:
ఆ రెండో మాట బలమైనదే. నిపుణుడు ఊహించని ఫలితం వచ్చిందని చూపితే ‘ఇట్టే తట్టేదే’ అన్న అభ్యంతరాన్ని ఎదుర్కోవచ్చు, కానీ ఆ ఫలితం అడిగిన హక్కు పరిధి అంతటికీ వర్తించాలి. పరీక్షించిన పదార్థానికి, పరీక్షించిన తలానికి హక్కును కుదించాలి. ముందు తలం సంగతి మాత్రం మీరు అన్నంత తేలిక కాదు. ఒక వైపే పూత పట్టించి, మడిచి తెరిచాక కూడా అది చెక్కుచెదరకుండా ఉండాలి. ఎలాగన్నది దరఖాస్తుకు ముందే వెలువడిన పత్రాల్లో ఉందా, చూపించండి.

రసాయన విద్యార్థి:
మరి ఫలితం ఊహించనిదని చూపడానికి పోలిక దేనితో పెట్టాలి? పూత లేని కటకంతోనా?

కటకాల ఇంజినీరు:
కాదు. అన్నిటికంటే దగ్గరగా ఉన్న పాత వస్తువుతో, ఇక్కడ హెపారిన్ పూసిన కటకంతో. ఆ పోలిక దరఖాస్తులో లేకపోతే ఊహించని ఫలితం అన్న వాదనను నేనూ ఒప్పుకోను.